శతాధిపతి యను నోడయు, ఆన్సను ప్రభువును

తాతపేరు మనుమనికి బెట్టుట మన దేశమున చిరకాలముగా నున్న యాచారము. తాత గతించినను ఆ పేరు ఇంట వినబడుచునే యుండును. ఆ పేరు మోయుచున్న పిల్లవాడు మంచి పని చేసినను, చెడ్డ పని చేసినను, పెద్దలు ముందుగా తాతనే తలచుకొందురు. ఇంగ్లండు దేశపు నౌకాదళమునందును ఇట్టి యాచార మొకటి కలదు. యుద్ధనౌక ముదిసి విఱుగగొట్టబడినను, సముద్రమున మునిగినను, దాని పేరు దానితో నశింపదు. కొన్ని యేండ్లకు క్రొత్తగా గట్టిన వేఱొక నౌకకు ఆ పేరే పెట్టుదురు. పాత నౌక యార్జించిన కీర్తి క్రొత్త నౌకకు సంక్రమించెనని నావికులు భావింతురు.

ఇట్లు పరంపరగా వచ్చిన పేర్లలో సెంచూరియను అనునది యొకటి. రోమను సైన్యమున నూర్గురు భటులపై నధికారిగా నుండు వానికి ఇది బిరుదు. తెలుగు బైబిలునందు శతాధిపతి యని మనము చదువునది ఈ మాటనే. 1650వ సంవత్సరమున ఈ పేరుతో నొక యుద్ధనౌకను గట్టిరి, 1691లో మఱియొకటి, 1732లో వేఱొకటి. ఈ కడపటి నౌకకు నాయకుడై దాని పేరును లోకప్రసిద్ధము చేసినవాడు జార్జి ఆన్సను. ఆయన చరిత్రమును, ఆయన తరువాత ఆ పేరు పొందిన గతిని మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఈ కథలో మన తెలుగుదేశపు తీరమునకును చోటు కలదు.

ఆన్సను 1697వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన స్టాఫర్డుషైరు మండలములోని షుగ్బరో గ్రామమున ధనిక కుటుంబమున జనించెను. తల్లికి సోదరియైన యామె భర్త తరువాతికాలమున దేశమునకు ప్రధాన న్యాయాధికారి యయ్యెను. ఆ బంధుత్వము బాలున కుపకరించె ననుటలో సందేహము లేదు. అయినను, 1712లో తన పదునేనవయేట ఓడ నెక్కిన నాటినుండి ఆయన పనిని శ్రద్ధతో నేర్చుకొనెను. 1724లో యుద్ధనౌకకు కాప్టెనుగా నియమింపబడి, అమెరికాలోని కరోలినా తీరమున వర్తకపు టోడలను కాపాడుచు పెక్కేండ్లు గడపెను. మితభాషి, కోపమును గాని సంతోషమును గాని పైకి గనుపఱచని వాడు. ఈ గుణము శాంతికాలమున నంతగా గానబడదు. ఆపద వచ్చినప్పుడు తెలియును.

1737లో ఆయనకు అఱువది ఫిరంగుల సెంచూరియను నౌక లభించెను. అంతకు ముందటి సంవత్సరమున ఈ నౌకపై నొక విచిత్రమైన వస్తువు ప్రయాణము చేసి యుండెను. జాన్ హారిసను అను వడ్రంగి నిర్మించిన పెద్ద గడియారమది. సముద్రమధ్యమున నున్న నావికునకు తాను భూమధ్యరేఖ కెంత ఉత్తరమున నున్నాడో, ఎంత దక్షిణమున నున్నాడో సూర్యనక్షత్రములవలన దెలియును. తూర్పు పడమరల దూరము మాత్రము బయలుదేఱిన రేవునందలి కాలమును తప్పక చూపు గడియారమున్నగాని సులభముగా తెలియదు. హారిసను గడియారమును పరీక్షించుటకై 1736లో సెంచూరియనుపై లిస్బను నగరమునకు గొనిపోయిరి. అది బాగుగనే పనిచేసెను గాని యింకను పరిపూర్తి కాలేదు. ఆన్సను నాయకుడై వచ్చునప్పటికి ఓడపై నా గడియారము లేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1739లో ఇంగ్లండునకును స్పెయినునకును యుద్ధము పుట్టెను. దక్షిణ అమెరికా పడమటి తీరమున స్పెయినువారి రేవులను పట్టుకొనుటకు ఆఱు యుద్ధనౌకలతో ఆన్సనును పంప నిశ్చయించిరి. ఆ నౌకలకు తగిన సైనికులు దొరకలేదు. అప్పుడు దొరతనమువారు చేసిన పని తలచుకొన్నచో నేటికిని మనస్సు కలుక్కుమనును. లండను చెంతనున్న చెల్సీ ఆశ్రమమునకు జేరిన వృద్ధసైనికులను, అంగహీనులను అయిదువందలమందిని ఓడ లెక్కింప నాజ్ఞాపించిరి. నడువగలవారు పాఱిపోయిరి. నడువలేక మిగిలిన 259 మందిని ఓడలకు జేర్చిరి. ఆన్సను అభ్యంతరము చెప్పెను; వినినవారు లేరు. 1740 సెప్టెంబరు 18వ తేదీన నౌకలు బయలుదేఱెను. అప్పటికే కాలము మించిపోయినది.

1741 మార్చి నెలలో అవి దక్షిణ అమెరికా కొనయైన హార్ను అగ్రమును జేరెను. అది తుపానుల కాలము. మూడు నెలలు గాలులు నౌకలను వెనుకకు దోసెను. తెరచాపలు చినిగెను, కొయ్యలు విఱిగెను. నౌకలు ఒండొంటికి దూరమయ్యెను. సెవర్ను, పెర్ల్ అను రెండు నౌకలు వెనుకకు మరలెను. గాలికన్న ఘోరమైనది స్కర్వీ యను వ్యాధి. పచ్చి కూరలును, పండ్లును నెలలతరబడి లేనివారికి ఇది వచ్చును. చిగుళ్లు వాచి పండ్లూడును, దేహమున నల్లని మచ్చలు పుట్టును, కాళ్లు నిలువవు. నిమ్మ, నారింజ, ఉసిరిక మున్నగు వానియందలి విటమిన్ సి లోపించుటచే ఈ రోగము వచ్చునని నేడు మనము ఎఱుగుదుము. నాడెవ్వరును ఎఱుగరు. సెంచూరియనుపై నున్న యొక ముసలి సైనికునకు 1690లో బాయిను నదీతీరపు యుద్ధమున తగిలిన గాయము, ఏబదియేండ్ల క్రిందట మానినది, ఈ రోగముచే మరల విడిపోయెను. ఆ ముసలివాని యవస్థ ఓడ చరిత్రలో వ్రాయబడి యున్నది గాని ఆతని పేరు మాత్రము మేము చూచిన గ్రంథములలో గానరాదు.

జువాన్ ఫెర్నాండెజు ద్వీపమున మంచినీరును, పచ్చని యాకుకూరలును కలవని ఆన్సను ఎఱుగును. ఆ యక్షాంశమునకు జేరిన తరువాత ద్వీపము తూర్పున నున్నదో, పడమట నున్నదో తెలియలేదు. పడమట దాటి వచ్చితిమేమో యను సందేహముతో తూర్పునకు మరలగా చిలీ దేశపు కొండలు కనబడెను. మరల పడమటికి బోవలసి వచ్చెను. ఈ వృథా ప్రయాణమున కొన్ని దినములు గడచి, డెబ్బదికి పైగా మనుష్యులు చనిపోయిరి. అయిదేండ్ల క్రిందట ఈ యోడపైననే ప్రయాణము చేసిన గడియారము వంటి దొక్కటి యుండిన, వారు బ్రదికి యుందురు.

జూను నెలలో ద్వీపమును జేరునప్పటికి ఓడను నడపుటకు చాలినంతమంది నిలువలేకపోయిరి. నూట అఱువదికి పైగా రోగులను ఒడ్డునకు మోయవలసి వచ్చెను. ఆన్సనును, ఆయన క్రింది యధికారులును స్వయముగా రోగులను భుజములపై మోసిరి. అచ్చట ఆయన కారటు, ఆకుకూరల విత్తనములను, పండ్ల గింజలను నాటించెను. అవి తనకు ఫలింపవని ఆయనకు తెలియును. వెనుక వచ్చు నావికులకై నాటించెను. గ్లాస్టరు అను నౌకయు, ట్రయలు అను చిన్న యోడయు ఒకదాని వెనుక నొకటిగా ఆ ద్వీపమునకు జేరెను. ఈ మూడు నౌకలపై ఇంగ్లండు విడిచిన 961 మందిలో 626 మంది చనిపోయిరి. 335 మంది మిగిలిరి. సెంచూరియనుపై నెక్కిన యేబదిమంది చెల్సీ వృద్ధులలో నలుగురే మిగిలిరి. గ్లాస్టరుపై నెక్కిన వృద్ధులలో నొక్కడును మిగులలేదు.

వేజరు అను మఱియొక నౌక చిలీ తీరమున ఱాతిపై బడి పగిలెను. ఓడ పోయినంతనే జీతమును, అధికారమును పోవునని నాటి నావికుల నమ్మకము. అందుచే వారు కాప్టెను మాట వినక తగవులాడి చీలిపోయిరి. పెక్కుమంది ఆకలిచే మడిసిరి. ఓడ పగిలినను నౌకాదళపు కట్టుబాటు పగులరాదని తరువాత చట్టము చేయబడుటకు ఈ విపత్తే కారణము.

మిగిలిన కొలదిమందితో ఆన్సను 1741 నవంబరులో పెరూ దేశపు పైటా పట్టణమును పట్టుకొని, పిదప పసిఫికు మహాసముద్రమును దాటబూనెను. దారిలో గ్లాస్టరు నౌక శిథిలము కాగా, దానిలోని మనుష్యులను తన యోడపై కెక్కించుకొని దానిని తగులబెట్టించెను. ట్రయలు అంతకు ముందే విడువబడి యుండెను. ఇక సెంచూరియను ఒక్కటే మిగిలెను. టినియను ద్వీపమున రోగులు ఒడ్డున నుండగా, సెప్టెంబరు మాసమున నొక రాత్రి తుపాను వచ్చి లంగరు త్రాళ్లను త్రెంచి, కొలదిమందితో నున్న ఓడను సముద్రములోనికి గొనిపోయెను. ఆన్సను నూఱుగురికి పైగా మనుష్యులతో ఒడ్డున మిగిలిపోయెను. అందఱును నిరాశ జెందిరి. ఆయన నిరాశను పైకి గనుపఱపక, అచ్చట దొరకిన యొక చిన్న పడవను కోసి పొడిగించి దానితో చైనా చేరుదమని చెప్పి, తానే గొడ్డలి పట్టి చెట్లు నఱకెను. పందొమ్మిది దినములకు ఓడ మరల గనబడెను. ఆ వార్త వినినప్పుడు గొడ్డలిని క్రిందకు విసరివైచి ఆయన తన సంతోషమును దాచుకొనలేకపోయెనని చెప్పుదురు.

చైనా దేశపు మకావులో ఓడను బాగుచేయించి, ఇంటికి బోవుచున్నట్లు ప్రకటించి, ఫిలిప్పీను ద్వీపములకు మరలెను. మెక్సికోనుండి వెండి గొనివచ్చు స్పానిషు నౌక కోవడోంగా కొఱకు ఎదురుచూచెను. నాటి ఇంగ్లీషు పంచాంగము ననుసరించి 1743 జూను 20వ తేదీన అది కనబడెను. దానిపై 550 మంది. సెంచూరియనుపై 227 మంది, అందులో ముప్పదికి దగ్గఱగా బాలురు, మన పాఠశాల పైతరగతుల వారి యీడువారు. మనుష్యులు చాలనందున ఒక్కొక్క ఫిరంగికి ఇద్దఱను మాత్రమే నిలిపి, మిగిలినవారిని చిన్న గుంపులుగా జేసి ఫిరంగినుండి ఫిరంగికి పరుగెత్తి కాల్చునట్లు ఆన్సను తర్ఫీదు చేసి యుండెను. రెండు గంటలలోపల కోవడోంగా లొంగెను. దానిలో 13,13,843 వెండి నాణెములును, 35,682 ఔన్సుల వెండియు దొరకెను. 1744 జూనులో సెంచూరియను ఇంగ్లండు జేరెను. భూమిని జుట్టి వచ్చిన ఆ ధనమును ముప్పదిరెండు బండ్లపై లండను వీథులలో నూరేగించిరి.

జనులు బండ్లను లెక్కించిరి. బయలుదేఱిన సుమారు పందొమ్మిదివందల మందిలో పదునాలుగువందలకు తక్కువ కాకుండ చచ్చినవారిని లెక్కించినవారు కొలది. వారిలో శత్రువుల గుండ్లచే చచ్చినవారు అత్యల్పులు. రోగముచేతను, చలిచేతను, ఆకలిచేతను చచ్చినవారే యందఱును. ఆన్సను కీర్తిని మెచ్చుకొనునప్పుడు ఈ సంగతిని మఱచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఆయన మఱచినట్లు తోపదు. 1744లో నౌకాదళ కార్యాలయమున ఆయనకు స్థానము లభించెను. 1747 మే నెలలో ఫినిస్టెరు అగ్రము చెంత ఫ్రెంచివారి నౌకలను జయించి ప్రభుబిరుదము పొందెను. 1751లో నౌకాదళమునకు ప్రథమ మంత్రి యయ్యెను. నడుమ కొలది నెలలు తప్ప మరణపర్యంతము ఆ పదవియందే యుండెను. నౌకాధికారులకు ఒకేవిధమైన దుస్తులు, యుద్ధశాసనముల సవరణ, 1755లో నౌకాసైనికులకు స్థిరమైన దళము, ఇవన్నియు ఆయన కాలపు సంస్కారములు. ఆశ్రమపు వృద్ధులను ఈడ్చుకొని వచ్చి ఓడ లెక్కించు దుర్గతి మరల రాకుండుటకు ఈ స్థిరదళము తోడ్పడెను. జేమ్సు లిండ్ అను నౌకావైద్యుడు 1747లో పండ్రెండుగురు స్కర్వీ రోగులను జతలుగా విభజించి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందిచ్చి చూడగా, నారింజలు, నిమ్మపండ్లు తినిన యిద్దఱు త్వరగా కోలుకొనిరి. 1753లో ప్రకటించిన తన గ్రంథమును ఆ వైద్యుడు ఆన్సనుకే అంకితము చేసెను. అయినను నౌకాదళమంతటికి నిమ్మరసము నియమముగా నిచ్చుట 1795వఱకు జరుగలేదు.

ఆన్సను యందు లోపములు లేకపోలేదు. 1756లో మినార్కా ద్వీపరక్షణకు చాలని నౌకలను పంపిన దోషము ఆయనపై గలదు. ఆ యపజయమునకై అడ్మిరలు బింగు 1757లో కాల్చి చంపబడెను. ఆ శిక్ష యన్యాయమని పలువురు నేటికిని తలతురు. కాని సెంచూరియనుపై ఆయనచే తర్ఫీదు పొందిన యువకులలో సాండర్సు 1759లో క్విబెక్కునకు నౌకలను నడపెను. స్కర్వీచే పండ్లూడిన కెప్పెలు అడ్మిరలయ్యెను. 1762 జూను 6వ తేదీన ఆన్సను మరణించెను. ఆయనకు సంతానము లేదు. ఆయన నౌకను 1769లో విఱుగగొట్టిరి.

సంతానము లేని యా ప్రభువునకును, విఱిగిన యా నౌకకును పేర్లు మాత్రము నిలిచెను. 1774లో ఏబది ఫిరంగుల క్రొత్త నౌకకు సెంచూరియను అని పేరిడిరి. ఇది హిందూమహాసముద్రమునకు వచ్చినది. ఫ్రెంచివారితో యుద్ధము జరుగుచుండగా, 1804 సెప్టెంబరు 15వ తేదీన ఈ నౌక రెండు వర్తకపు టోడలకు కాపుగా విశాఖపట్టణము నెదుట లంగరు వేసి యుండెను. ఆనాడు అచ్చట ఇప్పటి నౌకాశ్రయము లేదు. అది 1933లో తెఱవబడినది. ఓడలు బహిరంగ సముద్రమున నిలువవలసినదే. ఆ యుదయమున ఫ్రెంచి అడ్మిరలు లినోయి డెబ్బదినాలుగు ఫిరంగుల మరెంగో నౌకతోను, రెండు ఫ్రిగేటులతోను వచ్చి పడెను. సెంచూరియను నాయకుడు ఒడ్డున నుండెను. ఆతని పేరును జేమ్సు లిండే. పేరొక్కటి, వైద్యుడు వేఱు. ఆతడు లేనప్పుడు ఫిలిప్సు అను లెఫ్టినెంటు లంగరుత్రాడు నఱికించి ఎదిరించెను. లిండ్ యుద్ధమధ్యముననే ఓడను జేరెను. బార్నబీ యను వర్తకపు టోడ ఒడ్డున బడి పగిలెను. ప్రిన్సెస్ షార్లెట్టు అను రెండవది ఫ్రెంచివారికి చిక్కెను. సెంచూరియను మాత్రము లోతు తక్కువైన నీటికి జేరి, ఒడ్డుననున్న ఫిరంగుల సాయముతో పోరి నిలిచెను. తనకన్న మిక్కిలి బలవంతులైన మూడు నౌకలు దానిని పట్టలేక వెడలిపోయెను.

ఈ సెంచూరియను మున్నీటిపై పెక్కేండ్లు గడపినది; అయినను 1741 నాటి మారణహోమము దానిపై జరుగలేదు. అప్పటికి నిమ్మరసము నౌకాదళమున నియమమై తొమ్మిదేండ్లు గడచినవి. ఆ నౌక తన పూర్వనామధారినుండి పొందిన నిజమైన యాస్తి ఇదియే. ముప్పదిరెండు బండ్ల వెండి యెప్పుడో వ్యయమైపోయెను.

తరువాతి కథను క్లుప్తముగా జెప్పెదము. 1844లో నొకటి, 1892లో నొకటి, 1911లో నొకటి సెంచూరియను అను పేర వెలసెను. ఆన్సను పేరును నౌకలకు పెట్టుట ఆయన జీవితకాలముననే, 1747లో, మొదలయ్యెను. అట్టి నౌకలలో నొకటి 1807లో కార్నువాలు తీరమున ఒడ్డునకు గొట్టుకొని వచ్చి పగిలి, పలువురు జనుల కన్నుల యెదుటనే మునిగిపోయిరి. ఆ దృశ్యమును చూచిన హెన్రీ ట్రెన్‌గ్రూస్ అను నాతడు, బాణసంచావంటి రాకెట్టుతో ఒడ్డునకును ఓడకును త్రాడు కలుపు సాధనమును కల్పించి, అనేకుల ప్రాణములు దక్కుటకు కారకుడయ్యెను.

1941లో నీ రెండు పేర్లు ఒకచో గలిసెను. అప్పటికి ముదిసి, ఫిరంగి గుఱికి లక్ష్యముగా వాడబడుచున్న సెంచూరియనుకు కొయ్యతో దొంగ ఫిరంగులు అమర్చి, ఇంకను నిర్మాణము పూర్తికాని ఆన్సను అను క్రొత్త యుద్ధనౌక వేషము వేసిరి. శత్రువులను భ్రమపెట్టుటకై ఆ వృద్ధనౌక తన పాత నాయకుని పేరును ధరించి సముద్రముపై తిరిగెను. 1944 జూనులో నార్మండీ తీరమున దానిని బుద్ధిపూర్వకముగా ముంచి, దిగుచున్న సైనికులకు అలల తాకుడు తగులకుండ అడ్డుగట్టుగా జేసిరి. ఆన్సను అను పేరు మరల పెట్టబడిన యొక జలాంతర్గామి 2022లో నౌకాదళమున జేరినది.

పేరు తాతదైనంత మాత్రమున మనుమడు తాతవంటివాడు కాడు. తాత ఏమి నేర్చెనో, ఎవరి ప్రాణములు వెలగా నేర్చెనో అది తెలిసికొని నడచినప్పుడే పేరు నిలుచును. ఆన్సను నాటించిన విత్తనములు వెనుకటివారికై నాటినవి. చెల్సీనుండి మోసికొని వచ్చిన ఆ వృద్ధుల పేర ఏ నౌకయు లేదు. సెంచూరియను కథ చదువునప్పుడు వారినిగూడ దలచుకొనుట మన విధి.